వేంపల్లె రాయి, వేంపల్లె నీరు

పోయిన శ్రావణమాసమున మేము వేంపల్లె వెళ్లివచ్చితిమి. నిరుడు మా చిన్నవానికి జ్వరము తగిలి యెంతకును విడువకపోగా గండి వీరాంజనేయస్వామికి మ్రొక్కుకొంటిమి. ఆ మ్రొక్కు చెల్లించుట యొక కారణము. వేంపల్లెలో మా పెద్దవదినగారి కాపురము. ఆమెను చూచి రెండేండ్లు దాటినది. అది రెండవ కారణము. బడికి నాలుగుదినములు సెలవు కలిసివచ్చుటచే మా పంతులుగారును మా వెంట బయలుదేరిరి.

కడపలో బస్సెక్కినది మొదలు కనబడునదంతయు రాయియే. పొలముగట్లు రాయి, ఇండ్ల గోడలు రాయి, కొన్ని పాతయిండ్లకు కప్పులు సహితము రాయి. ఆ రాతి నడుమ నొక్కసారిగా అరటితోటలు, చీనితోటలు కనుపట్టును. ఆ పచ్చదనమంతయు బోరులు భూగర్భమునుండి తోడిపోసిన నీటి చలువ. ఈ సీమలో నీటిని కన్నులతో చూచుట తక్కువ. నేలక్రింద నున్నదని నమ్ముకొని బ్రదుకుట యెక్కువ. పాపఘ్నినది పేరు వినుటకు పావనముగా నున్నదిగాని, మేము వంతెన దాటినప్పుడు దానిలో ఇసుకయే యున్నది. కర్ణాటకసీమలో నందికొండల ప్రాంతమున పుట్టి, ఇంతదూరము వచ్చి, కమలాపురము చెంత పెన్నలో కలియవలసిన నది అది.

వదినగారి వంటయింట మూడు పాత్రలలో మూడువిధముల నీరు చూచి మేము మొదట నవ్వితిమి. త్రాగుటకు అంగడినుండి తెప్పించిన క్యాను నీరు; వంటకు కుళాయి నీరు; గిన్నెలు తోముటకును స్నానమునకును బోరు నీరు. "ఇదేమి వదినా, మడినీరు మైలనీరు అనునట్లు నీటికి గూడ జాతులు పెట్టితివి?" అని మేము వేళాకోళమాడగా ఆమె నవ్వలేదు. "నాలుగు దినములుండి చూడు" మని మాత్రము చెప్పి క్యాను వంచి మాకు నీరిచ్చెను.

మరునాడు శనివారము. శ్రావణ శనివారములలో గండికి వచ్చు జనమునకు లెక్కలేదు. కొండలు రెండుగా చీలి దారి యిచ్చినట్లుండును. ఆ చీలికలోనుండి పాపఘ్ని వెలువడును గనుకనే ఆ తావునకు గండి యని పేరు. శ్రీరాముడు లంకనుండి మరలివచ్చుచు ఇచ్చట నిలిచి, బాణపుమొనతో శిలమీద ఆంజనేయుని రూపు గీసెననియు, చిటికెనవ్రేలు మాత్రము శిలనుండి విడివడక నిలిచిపోయెననియు స్థలపురాణము. స్వామిరాకకై వాయుదేవుడు రెండు కొండలకును నడుమ బంగారుతోరణము కట్టెనట. ఆయువు తీరవచ్చినవారికే అది కనబడునట. సర్ తామస్ మన్రో దొరకు కనబడినదనియు, ఆ పిమ్మట స్వల్పకాలమునకే, 1827లో పత్తికొండ చెంత, ఆయన విషూచిచే మృతినొందెననియు ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. మేము తలయెత్తి చూచుటకు జంకితిమని దాచనేల? మా చిన్నవాడుమాత్రము నిర్భయముగా చూచి, "ఏమియు లేద" ని కేక వేసెను. మాకు ప్రాణము కుదుటబడెను.

ఇంతవరకు అందరు వ్రాయు యాత్రయే. మేము వ్రాయదలచినది ఆ మరుసటిదినపు సంగతి.

మా వదినగారి కూతురు ఇడుపులపాయలోని విద్యాలయమున చదువుచున్నది. సెలవునకు వచ్చియుండెను. వాళ్ల జేజి (ఆ సీమలో నాయనమ్మను జేజి యందురు) తుమ్మలపల్లె పోవు త్రోవలో ఒక చిన్నపల్లెయందు చేను విడిచి రానని పట్టుబట్టి యొంటిగా కాపురమున్నది. ఆమెను చూచుటకు ఆదివారమునాడు ఆటో కట్టించుకొని పోయితిమి. దారిలో ఒక చేనికి కంచెగా పేర్చిన రాళ్లకడ మేనకోడలు బండి నాపించి, "అత్తా, దీనిని చూడు" అనెను.

బూడిదవన్నె రాయి. అది విరిగినచోట పొరమీద పొర, ప్రతిపొరయు బోర్లించిన గిన్నెవలె ఉబ్బి, ఎఱ్ఱగడ్డను నిలువున కోసినట్లుండెను. ఏ శిథిలాలయపు శిల్పమోయని మేమనుకొంటిమి. ఆ పిల్ల నవ్వి, "ఉలి పట్టినవారెవరును లేరత్తా. ఇది పాచి కట్టుకొన్న యిల్లు" అనెను.

ఆమె చెప్పినది, పిమ్మట ఇంటికి వచ్చి మావారి సాయముతో మేము చదివి తెలిసికొన్నది కలిపి వ్రాయుచున్నాము. ఇంచుమించు 190 కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ వేంపల్లె ప్రాంతమంతయు లోతులేని సముద్రము. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపరక లేదు. సముద్రపు టడుగున కంటికానని సూక్ష్మజీవులు, ముఖ్యముగా నీలిపాచి జాతివి, జిగురుపొరగా పఱచుకొనియుండెను. మన బావిమెట్లమీది పాచిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆ పొరమీద సున్నపుమడ్డి వచ్చి పడును. ఎండ దొరకక పాచి మడ్డిలోనుండి పైకి ప్రాకి మఱియొక పొర కట్టును. దానిమీద మరల మడ్డి. ఇట్లు యుగములు గడువగా ఏర్పడినవే ఈ గిన్నెల వంటి రాళ్లు. వీనికి స్ట్రొమటోలైటులని పేరు. భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో ప్రకటించిన గ్రంథమున ఈ రాతివరుసకు ఈ యూరిపేరే పెట్టెను. నాటినుండి ఈ శాస్త్రము చదువువారందరికిని వేంపల్లె యనగా ఒక రాతిపేరు. ఊరివారిలో ఎందరికి తెలియునో గాని, మా వదినగారికి ఆనాడే తెలిసినది.

మన పంచాంగములలో శ్వేతవరాహకల్పము మొదలై 197 కోట్ల పైచిల్లర సంవత్సరములైనదని గుణింతురు గదా. ఈ రెండు లెక్కలకును ఏ సంబంధమును లేదని మావారు వెంటనే హెచ్చరించిరి. మాకును తెలియును. అయినను, సంకల్పములో ప్రతిదినము వినువారము గనుక, ఆ రాతిమీద చేయి వేసినప్పుడు ఆ మాట మనసునకు తట్టక మానలేదు.

ఆ పాచిపొరలు సున్నమును మాత్రమే పట్టలేదు. సముద్రపునీట కరగియున్న యురేనియమును గూడ, భాస్వరముతో కూడ, తమలో పట్టి నిలిపినవని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. అట్లు నిలిచినదానినే నేడు తుమ్మలపల్లెలో త్రవ్వితీయుచున్నారు. భారత యురేనియం సంస్థవారి గనికి 2007లో శంకుస్థాపన జరిగినది. 2012లో పని ప్రారంభమైనది. దినమునకు 3000 టన్నుల రాతిని మర పట్టునట్లు కర్మాగారమును నిర్మించిరి. టన్ను రాతిలో దొరకు యురేనియము అరకిలోకు లోపే! నువ్వులలో సగము నూనె యుండును. దానికే తెలగపిండి యెంత మిగులునో మనకు తెలియును. ఇచ్చట రాయి యంతయు తెలగపిండియే.

బీహారుసీమలో ఉండి ఇప్పుడు ఝార్ఖండులో చేరిన జాదుగూడలో రాతిని గంధకామ్లముతో కరగింతురు. ఇచ్చటి రాయి సున్నపుజాతిది గనుక ఆమ్లమంతయు సున్నమే త్రాగివేయును. అందుచే ఇచ్చట సోడాక్షారములతో, మన ప్రెషరుకుక్కరు వలెనే మూతబిగించి, ఆవిరియొత్తిడిలో ఉడికింతురు. మన దేశమున ఇట్లు చేయుట తుమ్మలపల్లెలోనే మొదలు. యురేనియము తీసిన పిమ్మట మిగిలిన పిండిని నీటితో కలిపి గొట్టములద్వారా కొట్టాల చెంత కొండల నడుమ కట్టిన పెద్ద కుంటలోనికి పంపుదురు. ఆ పిండిలో తీయగా మిగిలిన కొంచెము యురేనియము, రేడియము, సోడాలవణములు ఉండును.

ఆ కుంట చుట్టుపట్ల పల్లెలవారు తమ బోరునీరు చెడినదనియు, అరటితోటలు మాడుచున్నవనియు, ఒంటిమీద దద్దురులు లేచుచున్నవనియు మొరపెట్టుకొనిరి. గనివారు కాదనిరి, యురేనియమున్న రాతిలోని నీటియందు యురేనియము సహజముగానే ఉండునని చెప్పిరి. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణమండలివారు పరిశీలనకు నిపుణులసంఘమును నియమించిరి. ఈ వాదమును తీర్చు యోగ్యత మాకు లేదు. అయితే ఆడుదాని కొక ప్రశ్న యున్నది, అది వాదము తీరువరకు ఆగదు: ఈ పూట బిడ్డకు ఏ నీరు పోయవలెను?

ఆ ప్రశ్న మాకు జేజి యింటనే యెదురైనది.

ఆమెకు ఎనుబది యేండ్లుండును. మమ్ము చూచి పొంగిపోయి, అరుగుమీద కూర్చుండబెట్టి, మా చిన్నవాడు దప్పి యనగానే ఇత్తడిచెంబుతో నీరు తెచ్చెను. ఆమె మామగారు త్రవ్వించిన బావి అది. ఎండిపోగా దానిలోనే బోరు దించిరి. నీరు స్ఫటికమువలె నున్నది. పిల్లవాడు చేయి చాచెను. మేము చెంబు నందుకొని, వానికీయక, అట్లే పట్టుకొని నిలిచితిమి. క్షణకాలమే, కాని ఆ క్షణమును జేజి చూచెను. కోపపడలేదు. చెంబు మా చేతినుండి మెల్లగా తీసికొని లోనికి పోయి, మజ్జిగ తెచ్చి పిల్లవానికి త్రాగించెను.

"నా పెండ్లయి వచ్చిననాటినుంచి తాగుతాండా అమ్మా. నీళ్లు మారినాయో, మా నాలికలే మారినాయో, యెవురికి తెలుసు?" అని మాత్రమనెను.

అతిథికి నీరిచ్చుట గృహిణి మొదటి ధర్మమని మాకు చిన్ననాట మా తండ్రిగారు చెప్పిరి. ఇచ్చిన నీటిని అతిథి యనుమానించుట యెట్టి దోషమో చెప్పలేదు. మాకు ఆనాడంతయు ముఖమెత్తుటకు సిగ్గైనది. పోనీ త్రాగనిచ్చియుందుమా? ఈనాటికిని ఆ చెంబు మా చేతికి వచ్చినచో అట్లే నిలుతుమని తోచుచున్నది.

యురేనియమునకు రంగు లేదు, వాసన లేదు, త్రాగునీటిలో నుండు పాటికి రుచి తెలియదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు లీటరు నీటిలో 30 మైక్రోగ్రాములకు మించరాదని 2011లో హద్దు పెట్టిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. దాని కిరణములకంటె ముందుగా దాని విషగుణమే మూత్రపిండములను బాధించునట. సోదరీమణు లొక్కమాట గుఱుతుంచుకొనవలెను. నీటిని కాచినచో రోగక్రిములు చచ్చునుగాని యురేనియము పోదు. ఆవిరి పోయినకొలది మిగిలిన నీట చిక్కబడును. బట్టతో వడగట్టినను పోదు. వదినగారింటి క్యాను నీరు వచ్చు ఆర్.ఓ. యంత్రములు దానిని చాలవరకు తొలగించును. కాని అవి తొలగించినది మిగుల్చునీటితో గలిసి మరల ఏదో కాలువలోనికే పోవును.

తిరుగుదారిలో మేము మాటలాడకుండుట చూచి మేనకోడలు, మమ్ము ఊరడించుటకో యేమో, ఈ కథ యెత్తుకొనెను. "అత్తా, ఆ రాతిలో యురేనియమును పట్టినవారి చుట్టములు ఇంకను బ్రదికియున్నవి. వానిచేతనే నీటిని కడిగించుచున్నారు."

యురేనియము నీటిలో రెండు తీరుల నుండునట. గాలి సోకిన నీట ఉప్పువలె కరగి, నీటితో గూడ నడచును. గాలి సోకనిచోట మఱియొక రూపము దాల్చి, కరగక నల్లని రేణువై అడుగున కూర్చుండును. నడుచుదానిని కూర్చుండబెట్టగలిగినచో నీరు తేటపడును. మనయిండ్లలో పూర్వము చిల్లగింజ అరగదీసి మడ్డినీట కలిపెడివారు. శాస్త్రములలో కతకఫలమని చెప్పబడిన దిదియే. మడ్డికి చిల్లగింజ యెట్టిదో కరగిన యురేనియమునకు కొన్ని బాక్టీరియా అట్టివి.

ఎట్లనిన: మనము తిన్న అన్నమునుండి శక్తి గైకొన్న పిదప మిగులు ఎలక్ట్రానులను, పీల్చిన ప్రాణవాయువునకు అప్పగింతుము. ఊపిరి యనగా అదియే. గాలి చొరని బురదలో బ్రదుకు జియోబాక్టరు అను సూక్ష్మజీవికి ప్రాణవాయువు దొరకదు. అది తన భారమును ఇనుపతుప్పున కప్పగించును. యురేనియమున్నచో దానికిని అప్పగించును. అది గైకొన్న యురేనియము ఇక కరగియుండలేదు. 1987లో అమెరికాలో పోటోమాక్ నది బురదనుండి ఈ జీవిని వేరుపఱచిరి. అది యురేనియముతో ఊపిరి తీయగలదని డెరెక్ లవ్లీ యను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును 1991లో చూపిరి.

ప్రయోగశాలలోని సీసాలో జరిగినది నేలలో జరుగునా? కొలరాడోసీమలో రైఫిల్ అను నూరిచెంత పూర్వము యురేనియము మర యుండిన తావున 2002లో పరీక్షించిరి. బాక్టీరియాను బయటినుండి తేలేదు. అవి ఆ నేలలోనే కలవు. వానికి తిండి చాలక మందముగా నుండినవి. అసిటేటు అను పదార్థమును, అనగా వినిగరులోని పులుపునుండి కలుగు లవణమును, నీటిలో కలిపి నేలలోనికి పంపిరి. పాలలో తోడు వేసి వెచ్చగా నుంచినట్లే. కొలదిదినములకే జియోబాక్టరులు విస్తరిల్లెను. తొమ్మిదవనాటికే యురేనియము తగ్గుట మొదలిడినది. 50 దినములలోపల కొన్ని బావులలో హద్దుకు లోబడినది.

కథ ఇంతటితో నిలిచియున్నచో హరికథవలె మంగళము పాడవచ్చును. ఆ పిల్ల నిజాయతీగలది గనుక తరువాతిదియు చెప్పెను. ఇనుపతుప్పు తరిగినకొలది, అసిటేటును తినుటకు వేఱొక జాతి పైకి వచ్చెను: సల్ఫేటునుండి ఊపిరి తీయునవి. చెఱువడుగు నల్లబురదను కదిపినప్పుడు కుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టును గదా, ఆ వాసన వీనిదే. డెల్ఫ్టు నగరమున బెయెరింక్ పండితుడు 1895లోనే వీనిని గుర్తించెను. ఇవి ప్రబలినంత రైఫిలులో యురేనియము మరల నీట పెరుగసాగెను. పెరుగు తోడుకొనవలసిన గిన్నెలో వేఱు పులుపు చేరినట్లైనది. మఱియు కూర్చుండిన యురేనియమునకు గాలి సోకినచో లేచి మరల నడుచును.

ఆ సల్ఫేటు జాతిని నిందింపనక్కర లేదు. ఒకచోట చెఱుపు చేసినదే ఇంకొకచోట మేలు చేయును. నెదర్లాండ్సు దేశమున బూడెల్ లోని జింకు కర్మాగారమువారు 1992 నుండి వీనిని తొట్లలో పెంచి, చెడిన భూగర్భజలమునుండి జింకును సల్ఫేటును తొలగించుచు వచ్చిరి. దక్షిణ డకోటాలో హోమ్‌స్టేక్ అను బంగారుగని యుండినది, 2002లో మూతబడినది. బంగారమును తీయుటకు సయనైడు వాడుదురు. ఆ నీరు చేరి నూఱేండ్లకు పైగా వైట్‌వుడ్ యేరు నిర్జీవమై యుండెను. 1984లో ఆ గనివారు తిరుగుచుండు పెద్ద చక్రములమీద బాక్టీరియాపొరను పెంచి, సయనైడును వానిచేత తినిపించిరి. ఇచ్చట కూర్చుండబెట్టుట లేదు, నిజముగా తినివేయుటయే. సయనైడు విడిపోయి నిరపాయమగును. ఆ యేటికి మరల చేపలు వచ్చినవి. జొన్నగిరి, రామగిరి, కోలారు అని బంగారుగనుల పేర్లు వినుచు పెరిగిన మాకు ఈ సంగతి మిక్కిలి ఆసక్తి కలిగించినది.

మన దేశమున భాభా అణుపరిశోధన కేంద్రమువారు సముద్రపు నీలిపాచిలో సినెకోకాకస్ అను నొకజాతి నీటిలోని యురేనియమును తన దేహపుజిగురున అంటించుకొనునని 2009లో ప్రకటించిరి. ఇది విన్నప్పుడు మాకు కంచెలోని రాయి జ్ఞాపకము వచ్చెను. ఆ రాతిని కట్టినవియు ఆ కులమువే గదా.

"అటులైన ఈ యూరివారు పదిబస్తాల బాక్టీరియా తెప్పించి చల్లరాదా?" అని మా వదినగారు రాత్రి భోజనములవేళ అడిగిరి. మావారు, ప్రకృతియే వైద్యము చేసికొనునని గంభీరముగా సెలవిచ్చిరి. మేము ఒప్పుకొనలేదు. తోడు వేయగానే పెరుగగుననుట మగవారి మాట. పాలు కాచినవేడి యెంత, చలికాలమున గిన్నెకు ఏ గుడ్డ చుట్టవలెను, ఏ పూట ఏ తోడు పులిసినది, ఇవి చూచుకొను చేయి యొకటి వెనుక నుండవలెను.

మేనకోడలు మా పక్షము వహించెను. ఈ సీమ నీటిలో సున్నమును, కార్బనేటును మిక్కుటము. అవి యురేనియముతో జతగూడినచో ఆ జతను విడదీయుట జియోబాక్టరునకు కష్టసాధ్యమట. పని సాగును గాని నెమ్మదించును. గాలి చొరకుండ కాపాడవలెను. ఏండ్లతరబడి తిండి పెట్టవలెను. బావులు త్రవ్వి మాసమాసము నీటిని కొలువవలెను. ఇంత చేసినను రేడియధార్మికతను ఏ బాక్టీరియాయు చంపలేదు. ఉన్నచోటనుండి కదలకుండ పట్టియుంచుటయే వానికి చేతనైనది. రేడియము సగము తరుగుటకు 1600 సంవత్సరములు. యురేనియము సగము తరుగుటకు 446 కోట్ల సంవత్సరములు. బ్రహ్మదేవుని పగలు 432 కోట్లు. ఆ రాతిలోని పాచి పట్టియుంచిన పట్టు 190 కోట్ల ఏండ్లు సడలలేదు. మనము పట్టించు పట్టు ఎన్నాళ్లుండునో దాని కాపరి ఓపికనుబట్టి యుండును.

ఇక సోడా సంగతి. బాక్టీరియా సోడాను తినవు. సోడా పట్టిన నేల చౌడగును. ఇది ఈ సీమవారికి పుస్తకములు చెప్పనక్కరలేదు. చాకలివారు బట్టలుదుకుటకు చౌడుమన్ను తెచ్చుట మా చిన్ననాట మేము చూచితిమి. ఆ మన్నున అరటి బ్రదుకదు. చౌడునకు మందు జిప్సము చల్లి మంచినీటితో కడుగుట; ఆ మంచినీరు ఎచ్చటిదని అడుగకుడు. కావున ఒక్క సూక్ష్మజీవి వచ్చి సర్వము చక్కబఱచునని మేము వ్రాయలేము. అయినను, తిండి లేక బురదలో నిదురించుచున్న జీవికి పిడికెడు పులుపు పెట్టినచో అది విషమును పట్టి కూర్చుండబెట్టునని తెలిసినప్పుడు, గోడకు చేరగిలి విన్న మాకు ఏదో ధైర్యము కలిగినమాట నిజము.

సోమవారము ప్రయాణము. ప్రొద్దున్నే మేము మావారితో చెప్పి, మేనకోడలిని వెంటబెట్టుకొని, జేజి యింటికి మఱల పోయితిమి. నిన్నటి సంగతికి క్షమాపణ చెప్పుకొనవలెనని మా మనసు. చెప్పుట చేతకాలేదు. మేనకోడలు మాత్రము పని నెరిగినది. కొత్త సీసాను ఆ బోరునీటితోనే మూడుమార్లు తొలిచి, నాలుగవమారు నింపి, మూత బిగించెను. పరీక్షాశాలకు పంపుటకు. జేజి అరుగుమీద కూర్చుండి అంతయు చూచుచు, "ఏం కనుక్కుంటారు దాంట్లో?" అని యడిగెను.

"యురేనియమెంత, ఉప్పెంత అని వ్రాసి యిస్తారు జేజీ."

"ఎక్కువుండాదంటే?"

మేనకోడలు సీసామీద ఊరు, తేది, వేళ వ్రాయుచు తలయెత్తక, "క్యాను తెప్పిస్తాను. నువ్వు తాగాల" అనెను.

"లేదంటే?"

దానికి మేము బదులు చెప్పితిమి: "ఈసారి వచ్చినప్పుడు ముందు మేమే త్రాగుదుము జేజీ, పిమ్మట పిల్లవాడు."

ఆమె మా ముఖమును కొంతసేపు చూచి, లోనికి పోయి, నిన్నటి ఇత్తడిచెంబును తెచ్చి, చింతపండు పెట్టి తోముటకు కూర్చుండెను. "కాయితం వచ్చినాక రాండి" అనెను.